చెరువు మట్టితో చెరువు బొమ్మలు: ప్రాజెక్టు డైరీ

అక్టోబరు: చెరువు నిండుగా ఉంది

ఈ ప్రాజెక్టుకు పెట్టుకున్న షరతు ఒక్కటే. చెరువు బొమ్మల్లో వాడే రంగు ఏదైనా ఆ చెరువు కట్ట మీదో, అలుగు దిగువనో, నీళ్లు తీసిన నేల మీదో దొరికినదై ఉండాలి. బంక, కాగితం కొనక తప్పదు. రంగునిచ్చే పదార్థం మాత్రం ఇక్కడిదే. ట్యూబు రంగులన్నీ పెట్టెలో సర్ది అటక ఎక్కించేశాను. నీళ్లు నిండుగా ఉన్న ఈ రోజుల్లో మొదలుపెట్టి, ఎండాకాలంలో నేల బీటలు వారేదాకా, ఒకే చోటి నుంచి చూస్తూ బొమ్మల వరస వేయాలన్నది ఆలోచన.

షరతు ఎందుకంటే, పక్కన నీలం ట్యూబు ఉంటే నీళ్లు కనబడగానే చెయ్యి దాని మీదికే పోతుంది. అది అందుబాటులో లేనప్పుడు ఈ నీళ్లు నిజంగా ఏ రంగులో ఉన్నాయో కళ్లు పెట్టి చూడాల్సి వస్తుంది. ఈ నెలలో మా చెరువు నీలంగా లేదు. వాన నీళ్లు తెచ్చిన ఒండ్రు ఇంకా అడుక్కి దిగలేదు కాబట్టి ఒడ్డు దగ్గర లేత గోధుమరంగు. మబ్బు నీడ పడిన నడిమధ్యన బూడిదరంగు. కట్ట మీది చెట్ల నీడ పడిన అంచున దాదాపు నలుపు. మూడూ నేలలో దొరికే రంగులే.

మొదటి పని మట్టి వెతకడం. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తిరిగితే నేల రంగుల్లో తేడాలు బాగా తెలుస్తాయి. అలుగు దిగువన వాగు కోసిన గట్టు నాకు పెద్ద నిధి. అక్కడ నేల పొరలు పొరలుగా బయటపడి ఉంది. పైన జానెడు మందాన ఒండ్రు, కింద ఎర్రమట్టి, ఇంకా కింద తెల్లటి గడ్డలు కలిసిన పొర. ఆ గడ్డ ఒకటి పగలగొట్టి నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసా నురగ వచ్చింది. అంటే కాల్షియం కార్బొనేట్, సుద్దకు దగ్గరి చుట్టం. తెలుపు దొరికినట్టే.

పసుపు మాత్రం ఎక్కడా కనబడలేదు. గేదెల్ని మేపుకునే పెద్దాయన కొన్నాళ్లు నన్ను గమనించి చివరికి అడిగేశాడు.

“ఏం పోగొట్టుకున్నావమ్మా, గట్లన్నీ వెతుకుతున్నావు?”

“ఏం పోలేదు పెద్దయ్యా, పసుపు మన్ను కోసం చూస్తున్నా.”

“పచ్చమన్నా? తూము అవతల పాత బావి తవ్విన కుప్ప ఉంది చూడు. వాన పడినప్పుడల్లా దాని కింద నీళ్లు పచ్చగా పారతాయి.”

ఆయన చెప్పిన చోటే దొరికింది. పైన గడ్డి పట్టి ఉంది, కాలితో కాస్త గీకితే లోపల చిక్కటి పసుపు. ఏళ్ల తరబడి ఒకే నేల మీద తిరిగిన మనిషికి దాని రంగులన్నీ తెలిసే ఉంటాయి. ఆ తర్వాత ఏ మట్టి కావాలన్నా ముందు ఆయన్నే అడుగుతున్నాను.

ఎక్కడా గుంట పడేలా తవ్వను. వాన కోసేసిన చోట, ఇదివరకే ఎత్తిపోసిన చోట మాత్రమే తీసుకుంటాను. పొలం గట్టయితే రైతును అడిగాకే. ఒక బొమ్మకు నిజానికి పిడికెడు మట్టి చాలు. ప్రతి కవరు మీదా తీసిన చోటు, నెల, తడిగా ఉన్నప్పటి రంగు, ఆరాక తేలిన రంగు రాసి పెడుతున్నాను.

నవంబరు: కడగడం

గట్టు నుంచి తెచ్చిన మట్టిలో ఇసుక, వేళ్లు, ఆకుల ముక్కలు, కంటికి కనబడని లవణాలు అన్నీ ఉంటాయి. మనకు రంగునిచ్చేది అందులో చాలా సన్నటి భాగం: బంకమట్టి రేణువులు, వాటిని పట్టుకుని ఉన్న ఐరన్ ఆక్సైడ్లు. ఎరుపుకు కారణం హెమటైట్. పసుపుకు కారణం గీథైట్, అంటే నీటి అంశను లోపల ఇముడ్చుకున్న ఇనుప ఆక్సైడ్. రెండిట్లోనూ ఉన్నది ఇనుమే.

మట్టిని ఎండబెట్టి గడ్డలు చితక్కొట్టి బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెడతాను. చితక్కొట్టేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. పొద్దున చేత్తో గట్టిగా కలిపి, ఇసుక అడుక్కి దిగేదాకా ఆగుతాను. దానికి నిమిషం చాలు. పైనున్న చిక్కటి నీళ్లను పలచటి నూలు గుడ్డ మీదుగా ఇంకో గిన్నెలోకి వంపుతాను. అడుగున మిగిలిన దాంట్లో మళ్లీ నీళ్లు పోసి, కలిపి, మళ్లీ వంపుతాను. వడకట్టిన నీళ్లను కదపకుండా ఉంచితే రంగు అడుక్కి పేరుకుని పైన తేట నిలుస్తుంది. రేణువు ఎంత సన్నగా ఉంటే అంత నెమ్మదిగా దిగుతుంది. వ్యాసం సగమైతే దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇసుక క్షణాల్లో దిగిపోతే బంకమట్టికి గంటలు, ఒక్కోసారి రోజులు పట్టేది అందుకే. కడిగే పనంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

పక్క నుంచి చూడాలని ఎర్రమట్టిని ఈసారి గాజు జాడీలో పేరుకోనిచ్చాను. అడుగున ముదురు గోధుమరంగు ఇసుక సన్నటి గీతలా, దాని మీద ఇటుకరంగు పొర, ఆ పైన గోరంత మందాన నారింజ ఎరుపు. ఆ పై పొరను వేలితో తాకితే గరగర ఏమీ తగలదు, మెత్తగా అంటుకుంటుంది, గీతల్లోకి దిగి వేలిముద్ర మొత్తాన్ని చూపిస్తుంది. తేట నీళ్లను సన్నటి గొట్టంతో లాగేసి, చెంచాతో ఆ పై పొరను మాత్రం వేరుగా తీశాను. ఒకే గట్టు, ఒకే పిడికెడు మట్టి, అందులోంచి వేరువేరు రంగులు. ఇక్కడ తొందరపడితే అన్నీ కలిసిపోయి ఒకే ఇటుకరంగు మిగులుతుంది.

చెరువుకు ఒక పక్క నేల చౌడు. అక్కడి మట్టితో వేసిన నమూనా పట్టీ ఆరాక దాని మీద తెల్లటి పొడి తేలింది. నీటితో పాటు పైకి వచ్చిన లవణాలు నీరు ఆవిరయ్యాక అక్కడే గట్టిపడతాయి. తేట నీళ్లు వంపేసి మంచినీళ్లు పోయడం కొన్నిసార్లు చేశాక ఆ పొడి రావడం ఆగింది. రంగు త్వరగా పేరుకోవడానికి చాలామంది పటిక వేస్తారు. నేను వేయను. పటిక నీళ్లకు ఆమ్ల గుణం ఉంది. అది కాగితంలో మిగిలిపోతే ఏళ్లు గడిచే కొద్దీ కాగితం పెళుసెక్కుతుంది. ఒక రోజు ఎక్కువ ఆగితే పోయేదేమీ లేదు.

ఈ పని చేసేటప్పుడల్లా దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహ గుర్తొస్తుంది. దాదాపు 1,00,000 ఏళ్ల నాటి రంగుల తయారీ సామగ్రి అక్కడ దొరికిన సంగతిని పరిశోధకులు 2011లో ప్రకటించారు. ఎర్రమన్ను, ఎముక, బొగ్గు కలిపిన మిశ్రమం అబలోనీ అనే సముద్రపు నత్త చిప్పల్లో మిగిలి ఉంది, పక్కనే నూరడానికి వాడిన రాళ్లు. రాయి, గిన్నె, ఎర్రమన్ను, నీళ్లు. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నవీ అవే.

డిసెంబరు: పెనం, బంక

పసుపు మట్టి దొరికింది కొంచెమే అయినా దాన్ని కాలిస్తే చాలా రంగులు వస్తాయి. ఇనప పెనం మీద పలచగా పరిచి కట్టెల పొయ్యి మీద పెట్టాను. దాదాపు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర గీథైట్‌లోని నీరు పోయి అది హెమటైట్‌గా మారుతుంది. ఈ మార్పు కళ్ల ముందే జరుగుతుంది. మొదట పెనం అడుగుకు తగిలిన చోట పసుపు మాసినట్టవుతుంది, తర్వాత నారింజ మచ్చలు, కలియబెట్టిన కొద్దీ అంతా ఎర్రబడుతుంది. వేడిగా ఉన్నప్పుడు కనిపించే రంగును నమ్మకూడదు, చల్లారాక అది లేతబడుతుంది. అందుకే మధ్యమధ్యలో చెంచాడు చొప్పున తీసి పళ్లెంలో వరసగా పెట్టుకుంటూ పోయాను. పళ్లెంలో ఒక చివర పసుపు, ఇంకో చివర ముదురు ఎరుపు. బర్న్‌ట్ సియెనా పేరుతో అమ్మే రంగు పుట్టిందీ ఇలాగే, ఇటలీలోని సియెనా ప్రాంతపు మట్టిని కాల్చి.

బంకగా గమ్ అరబిక్ వాడుతున్నాను, తుమ్మజాతి చెట్ల నుంచి వచ్చేది. ఒక వంతు బంకకు రెండు వంతుల వేడినీళ్లు పోసి, రాత్రంతా ఉంచి వడకట్టాలి. కాస్త తేనె కలిపితే ఆరిన పొర పెళుసుగా ఉండదు. లవంగ నూనె చుక్క వేస్తే బూజు పట్టదు. గరుకు చేసిన గాజు పలక మీద రంగు, బంక వేసి, అడుగు చదునుగా ఉన్న గాజు గుండుతో గుండ్రంగా నూరాలి. ఎప్పుడు ఆపాలో చప్పుడే చెబుతుంది. మొదట గరగరమంటుంది, క్రమంగా ఆ గరగర పోయి జారుతున్న శబ్దం మాత్రం మిగులుతుంది. అప్పటికి రంగు మీగడలా పలక మీద కదులుతుంది. ఒక్కో మట్టి ఒక్కో మోతాదులో బంక తాగుతుంది కాబట్టి కొలత రాసి పెట్టుకుంటే చాలదు, ప్రతిసారీ పట్టీ వేసి చూడాలి. ఆరాక వేలితో రుద్దితే పొడి రాలిందంటే బంక చాలలేదు. మెరుస్తూ చిట్లిందంటే ఎక్కువైంది.

మట్టి రంగులతో ఉండే పెద్ద టెన్షన్ ఏమిటంటే, తడిగా ఉన్నప్పుడు కనిపించిన రంగు ఆరాక ఉండదు. రేణువుల మధ్య నీళ్లున్నంతసేపు వెలుతురు లోతుగా దిగుతుంది, రంగు ముదురుగా ఉంటుంది. నీటి చోట గాలి చేరగానే వెలుతురు పైపైనే చెదిరిపోయి రంగు లేతబడుతుంది. వాన పడిన నేలకూ ఎండిన నేలకూ తేడా వచ్చేదీ ఇందుకే. ఆరిన పట్టీలను బోర్డుకు గుచ్చి ఎదురుగా పెట్టుకుని, చేతిలో ఉన్న తడి రంగును కాకుండా వాటినే చూస్తూ వేస్తున్నాను.

జనవరి: నీలం లేకుండా నీలం

నలుపు కోసం కట్ట మీద రాలిన తుమ్మ పుల్లలను డబ్బాలో కుక్కి, మూతకు చిన్న రంధ్రం పెట్టి మంటలో ఉంచాను. రంధ్రంలోంచి పొగ రావడం ఆగితే పని అయినట్టు. పూర్తిగా చల్లారాకే తెరవాలి, వేడిగా తెరిస్తే గాలి తగిలి బూడిదవుతుంది. ఈ బొగ్గును మెత్తగా నూరి పసుపు మట్టిలో కలిపితే ఆకుపచ్చ వస్తుంది. మెరిసే ఆకుపచ్చ రాదు, ముదురుగా, అణిగినట్టుగా ఉంటుంది. ఒడ్డున ఉన్న తుంగకు కావలసింది అదే.

ఈ నెల అసలు ప్రశ్న ఆకాశం. జనవరి పొద్దుటి ఆకాశం నిజంగానే నీలంగా ఉంటోంది, తేరుకున్న నీళ్లు ఆ నీలాన్నే చూపిస్తున్నాయి. నా పళ్లేల్లో నీలం లేదు. బొగ్గులో తెలుపు కలిపితే వచ్చే చల్లటి బూడిదరంగు ఒక్కటే ఉంది.

ఇక్కడ పనికొచ్చింది ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ తేల్చిన సంగతి. ఆయన 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. నీలం, ఊదా బట్టల నీడలకు వాడే నలుపులో చిక్కదనం లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చేవి. పరీక్షిస్తే ఆ అద్దకంలో లోపమేమీ లేదు. పక్కనున్న నీలం వల్లే కంటికి ఆ నలుపు వేరుగా కనబడుతోంది. ఈ పరిశోధనను 1839లో అచ్చు వేయించాడు. పక్కపక్కన ఉన్న రంగుల్లో ప్రతిదీ రెండోదాన్ని తన వ్యతిరేక రంగు వైపు నెడుతుంది. నారింజకు వ్యతిరేకం నీలం. అంటే కాల్చిన మట్టి నారింజ పక్కన మామూలు బూడిద పెడితే కన్ను దాంట్లో నీలం చూడాలి.

చిన్న కాగితాల మీద దీన్నే రకరకాలుగా వేసి చూశాను. తెల్ల కాగితం మీద వేసిన బూడిద బూడిదగానే ఉంది. చుట్టూ నారింజ ఎరుపు పూసేసరికి నీలం వైపు తిరిగింది. బూడిద భాగం చిన్నదిగా, దాని చుట్టూ ఎరుపు విస్తారంగా ఉన్నప్పుడు ఇంకా బాగా తిరిగింది. రెండిటి వెలుగూ ఒకే స్థాయిలో ఉంటే మరీ స్పష్టంగా ఉంది, ఒకటి బాగా లేతగా ఒకటి బాగా ముదురుగా ఉంటే నీలం దాదాపు మాయమైంది. మధ్యలో నల్ల గీత గీస్తే కూడా పోతుంది, అంచులు నేరుగా తగలాలి. దాంతో బొమ్మ కూర్పే మార్చాల్సి వచ్చింది. నీళ్లు కాగితంలో మూడో వంతుకు తగ్గాయి, కట్ట ఎరుపు పెరిగింది, తుంగ గీతలు నీటి అంచు నుంచి పక్కకు జరిగాయి. రంగు లేకపోవడం బొమ్మలో దేన్ని ఎక్కడ పెట్టాలో తేల్చింది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే విలువైన పాఠం ఇదే అనిపిస్తోంది, ఎందుకంటే ట్యూబు నీలంతో అయితే ఈ కూర్పు ఎప్పటికీ వచ్చేది కాదు.

స్టూడియోకు వచ్చిన పిల్లలు “ఈ నీలం మట్టి ఎక్కడ దొరికిందక్కా?” అని అడిగారు. తెల్ల కాగితానికి వేలంత రంధ్రం చేసి బొమ్మలోని నీళ్ల మీద పెట్టి చూపించాను. రంధ్రంలో ఉత్త బూడిద. కాగితం తీస్తే మళ్లీ నీలం. చాలాసేపు తీసి పెట్టి, తీసి పెట్టి చూశారు.

మార్చి: నీళ్లు వెనక్కి తగ్గుతున్నాయి

రోజురోజుకూ కొత్త నేల బయటపడుతోంది. ఒడ్డున పెకిలి పడిన తుంగ దుబ్బును తెచ్చి, వేళ్లకు పట్టిన బురద గడ్డను విరిచి చూశాను. లోపలి బురద నీలిబూడిద రంగులో ఉంది. అందులో వేరు దూరిన ప్రతి చోటా సన్నటి గొట్టం, ఆ గొట్టం గోడలకు తుప్పురంగు పూత. కొన్ని సూదంత సన్నం, కొన్ని పెన్సిల్ ములుకంత. పూత మందం వెంట్రుక వాసి కూడా లేదు, దాటగానే మళ్లీ బూడిద.

నీటి అడుగున బురదలో ఆక్సిజన్ ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు ఇనుమును ఫెర్రస్ రూపానికి మారుస్తాయి, ఎరుపు పసుపులు పోయి బూడిద మిగులుతుంది. తుంగలాంటి నీటి మొక్కలు పైనుంచి గాలిని లోపలి గదుల గుండా వేళ్లకు పంపుకుంటాయి. అందులో కొంత ఆక్సిజన్ వేరు చుట్టూ బయటికి ఊరుతుంది. అది తగిలిన ఇనుము మళ్లీ తుప్పవుతుంది. మొక్క గాలి పీల్చిన దారంతా నారింజ గీతలుగా మట్టిలో అచ్చుపడి ఉందన్నమాట. గడ్డను చేతిలో తిప్పుతూ ఆ పూటంతా బొమ్మ ముట్టుకోలేదు.

గొట్టాల గోడల నుంచి సూదితో గీకితే గోటి మీద పట్టేంత తుప్పు వచ్చింది. దాంతో తుంగ కాడల మొదళ్లు మాత్రం వేశాను. బూడిద బురద సంగతి వేరు. గాలి తగిలితే అది నెమ్మదిగా గోధుమరంగుకు తిరుగుతుంది, ఆపలేం. మూసిన జాడీలో నీటి కింద ఉంచితే కొంతకాలం అలాగే ఉంటుంది. అందుకని మార్చి బొమ్మలో నీటి అంచుకు ఆ బురదనే నేరుగా చేత్తో పూసి, ఆరుతూ మారనిచ్చాను. బయట చెరువు అంచున జరుగుతున్నదే కాగితం మీదా జరిగింది.

బురదను చేత్తో పూయడమంటే 1945లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టిన కళాకారుడు రిచర్డ్ లాంగ్ గుర్తొస్తాడు. ఏవన్ నది బురదతో గ్యాలరీ గోడల మీద అరచేతులతో పెద్ద పెద్ద వలయాలు వేశాడాయన. చెయ్యి కదిలిన తీరంతా గోడ మీద కనబడుతుంది. నా కాగితాలు చిన్నవి, చెయ్యి అంత దూరం ఊపే పని లేదు. అయినా బ్రష్షు పక్కన పెట్టే ధైర్యం అలాంటి పని చూశాకే వచ్చింది.

ఏప్రిల్: రేగడి, కిటికీ పరీక్ష

అడుగు భాగంలో ఉన్నది రేగడి. దీనిలోని బంకమట్టి ఖనిజాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. కాగితం మీద పలచటి పూతగా నిలిచింది కానీ కాస్త మందంగా వేస్తే పగిలిపోతోంది. ఆ పగలడమే మే నెల బొమ్మకు కావాలి. చెక్క పలకకు నూలు గుడ్డ అంటించి, దాని మీద బంక కలిపిన రేగడిని ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా పూశాను. పలచటి చివర చిన్న చిన్న పెంకులు, మందపు చివర పెద్ద పలకలు వచ్చాయి. చీలికలు ఎక్కువ చోట్ల లంబకోణంలో కలిశాయి. చెరువులో అయితే తడిసి, ఎండి, మళ్లీ తడిసిన చోట మూడు చీలికలు కలిసే కోణాలు 120 డిగ్రీల వైపు సర్దుకుని ఉంటాయి. అందుకని పలక మీద నీళ్లు చల్లి ఆరబెట్టడం మొదలుపెట్టాను, చీలికలు కొద్దికొద్దిగా జరుగుతున్నాయి.

కట్ట మీది మోదుగ పూలు చూసి మనసాగక వాటి రసం కూడా పట్టీ వేశాను. పట్టీల్లో సగం మూసి, ఎండ తగిలే కిటికీకి అంటించాను. రంగు ఎంత త్వరగా వెలుస్తుందో పోల్చి చూడ్డానికి పక్కన బ్లూ ఊల్ పట్టీలు పెట్టాను. అవి 8 నీలిరంగు ఉన్ని పట్టీలు, 1వది అన్నిటికంటే త్వరగా వెలుస్తుంది, 8వది అన్నిటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. మోదుగ నారింజ వెలిసింది. మట్టి రంగుల్లో మూసిన సగానికీ మూయని సగానికీ తేడా లేదు. మోదుగను స్కెచ్ పుస్తకానికే ఉంచుతున్నాను.

మే: గోడ మీద వరస

బొమ్మలన్నీ ఒకే గోడకు పెట్టాను. ఎడమ నుంచి కుడికి నీళ్లు తగ్గుతాయి, ఎరుపు తగ్గుతుంది, చివరికి రేగడి పలక. గేదెల పెద్దాయన చూడ్డానికి వచ్చి, బొమ్మ ఏమిటని అడగలేదు. దగ్గరికి వెళ్లి వేలు పెట్టకుండా చూపించాడు: “ఇది అలుగు కాడిది. ఇది నేను చెప్పిన పచ్చమన్ను.” రేగడి పలక దగ్గర మాత్రం ఆగి, “ఇది ఇంకా తడవాలమ్మా” అన్నాడు. నిజమే, అక్కడి కోణాలు ఇంకా సర్దుకోలేదు.

వార్నిష్ వేయడం లేదు. వేస్తే రేణువుల మధ్య గాలి పోయి రంగులన్నీ ముదురుతాయి, ఆరిన నేలలా ఉండే ఆ పొడిదనం పోతుంది. గాజు బొమ్మకు తగలకుండా అంచుల్లో సన్నటి చెక్క ముక్కలు పెట్టి ఫ్రేము కట్టిస్తున్నాను. ప్రతి ఫ్రేము వెనకా ఏ రంగు ఎక్కడిదో రాసిన చీటీ ఉంటుంది.

మిగిలిన రంగులను చిన్న బిళ్లలుగా ఆరబెట్టాను. వానలు మొదలయ్యాక వాగు గట్టు మళ్లీ కోతపడుతుంది. అప్పుడు అవే పొరల నుంచి కొత్త నమూనాలు తీసి పాత పట్టీలతో పోల్చి చూడాలి. నిండు చెరువును పెద్ద కాగితం మీద మళ్లీ వేయబోతున్నాను, దానికి కావలసిన ఎర్రమట్టిని రాత్రే నానబెట్టాను.